టేకు బేస్‌లో నిలవని స్వరం

మా చర్చి కొత్తగా కట్టినప్పుడు ఒక జ్ఞాపక సంచిక వేశారు. సిమెంటు ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి, కుర్చీలు ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి, భోజనాల రోజు నీళ్ల ట్యాంకర్ తెచ్చినతని పేరు ఇంటిపేరుతో సహా ఉంది. చివరి పేజీ అడుగున ఇంకో ముక్క ఉంది: ‘వాయిద్యాల మరమ్మతు: ఒక సహోదరుడు’. ఆ సహోదరుణ్ని నేనే. నా పేరు ప్రభాకర్. కరీంనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా గిటార్లు బాగుచేశాను. వాటిలో ఎక్కువ బేస్ గిటార్లే. పెళ్లి ఆర్కెస్ట్రాలవాళ్లు, చర్చి క్వైర్లవాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లే. ఇన్నేళ్లలో ఒక్కరైనా కూర్చుని ‘ఈ పని అసలేమిటి ప్రభాకర్?’ అని అడగలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నేను నా చేతులతో చేసిన బేస్‌లో ఒక స్వరం నిలుస్తుందా, చచ్చిపోతుందా అని రెండేళ్లుగా అడుగుతున్నాను. ఎవరూ జవాబు చెప్పడం లేదు. నాకై నేను తెలుసుకునే దారి కూడా మూసుకుపోయింది. అదెలా మూసుకుపోయిందో చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి.

రోడ్డు అవతల నిలబడటం

బేస్ గిటార్‌కు నాలుగు లావు తీగలు, పొడుగాటి మెడ, ఆ మెడ మీద అడ్డంగా ఫ్రెట్లనే సన్న లోహపు కడ్డీలు ఉంటాయి. పెళ్లికి వచ్చినవాళ్లను అడిగితే స్టేజీ మీద బేస్ ఏదో చూపించలేరు. అది ఆగిపోతే మాత్రం పాడే మనిషి వెనక్కి తిరిగి చూస్తాడు.

మా బాపు కాగజ్‌నగర్ మిల్లులో వడ్రంగి. చెక్క పని ఆయన దగ్గర పట్టుబడింది, పాట చర్చిలో పట్టుబడింది. ఈ రెండూ తెలిసినవాణ్నని కరీంనగర్‌లో వాయిద్యాల దుకాణం నడిపే ఖాదర్ సాబ్ నన్ను పనిలో పెట్టుకున్నారు. ఆయన హార్మోనియం మనిషి. బేస్ ఆయనకూ కొత్తే, నాకూ కొత్తే.

మొదటిసారి ఒక బేస్ వచ్చినప్పుడు నేను తీగలను బాగా కిందికి దించాను. తీగ ఎంత కిందికి ఉంటే వేలికి అంత సుఖం. వాయించి చూశాను, హాయిగా ఉంది.

ఖాదర్ సాబ్ అడిగారు: “ఎట్లుంది?”

“మస్తుంది సాబ్.”

“నీకు మస్తుంది. జర రోడ్డు అవుతలికి పోయి నిలబడు.”

పోయి నిలబడ్డాను. ఆయన లోపల డబ్బా స్పీకరు పెట్టి తీగ మీటారు. వెనక్కి వచ్చాక అడిగారు: “ఏం వినబడ్డది?”

“టకటక అన్నది సాబ్. తీగ ఫ్రెట్లకు కొట్టుకుంటుంది.”

“పెళ్లోళ్లకు గదే వినబడ్తది. పెళ్లి నీది కాదు గద రా, వాళ్ల చెవులతోని విను.”

తీగ కిందికి దిగితే వేలికి సుఖం, చెవికి చప్పుడు. పైకి లేపితే స్వరం నిండుగా వస్తుంది, రెండు గంటలు వాయించేసరికి చెయ్యి పడిపోతుంది. ఎక్కడ ఆపాలో కొలబద్ద చెప్పదు. వాయించేవాడి వేలు ఎంత గట్టిగా పడుతుందో చూసి ఆపాలి. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వాయించమనకుండా స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతిసారీ నేను తప్పే చేశాను.

ఇదంతా నేర్పింది ఖాదర్ సాబే. కాదనను. అయితే నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా గిరాకీల ముందు ఆయన ‘మా పిలగాడు చేసిండు’ అనేవారు. పేరు చెబితే ఏం పోయేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అడగాల్సినప్పుడు నేను అడగలేదు.

వసంత శ్రుతి

ఇది నా తప్పు. ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

రాజమల్లు అనే ఆయన పెళ్లి ఆర్కెస్ట్రా నడిపేవాడు. నాకంటే పెద్దవాడు, నోరు కూడా పెద్దదే. ఒకసారి బేస్ తెచ్చి బల్ల మీద పడేశాడు.

“ఏంది ప్రభాకర్, గీ బేస్ డోలక్ పక్కన ఈగ మోగినట్టు మోగుతుంది. జర దమ్ము రావాలె.”

తీగల కింద పికప్ అని అయస్కాంతాల పెట్టె ఉంటుంది. తీగ కదలికను కరెంటుగా మార్చి స్పీకరుకు పంపేది అదే. దాన్ని తీగకు దగ్గరగా లేపితే చప్పుడు పెరుగుతుంది. రాజమల్లు మాట పడటం ఇష్టం లేక, మధ్యలో రూపాయి బిళ్ల కూడా దూరనంత దగ్గరికి లేపాను.

ఆ వారమే వేములవాడలో పెళ్లి. నేనూ వెళ్లాను. బేస్ దమ్ముగానే వచ్చింది. వసంత అనే అమ్మాయి పాట ఎత్తుకుంది. ఆమె శ్రుతి తప్పితే చూద్దామని మేమందరం పందెం వేసుకునే రకం పాటగత్తె. ఆ రోజు మాత్రం రెండో చరణానికి గొంతు తడబడింది. స్వరం కోసం వెతుక్కుంటున్నట్టు పాడింది. పాట కాగానే రాజమల్లు, మైకు పక్కనే ఉందని కూడా చూడకుండా, “ఏమైంది వసంతా, ఇయ్యాల సోయి లేదా?” అన్నాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆ తర్వాత రెండు పెళ్లిళ్లలోనూ అట్లాగే జరిగింది. మూడో పెళ్లికి వేరే అమ్మాయిని పిలిచాడు.

నెల తర్వాత అదే బేస్ వేరే పని మీద వస్తే అప్పుడు అర్థమైంది. అయస్కాంతం లావు తీగను తన వైపు గుంజుతోంది. తీగ నిలకడగా ఊగడం లేదు. ఒకే స్వరం రెండు స్వరాలుగా అలలు పోతోంది. వసంత ఆ అలను పట్టుకుని పాడబోయి దెబ్బతింది. నేను పికప్‌ను కిందికి దించాను. ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ల తర్వాత బస్టాండులో కనిపించింది. తనే పలకరించింది.

“అన్నా, నా శ్రుతి ఎన్నడన్న తప్పిందా? గా వేములవాడల ఏమైందో నాకు ఇప్పటికీ సమజ్ కాలే.”

“గొంతు బాగలేకుండె కావచ్చు చెల్లె,” అన్నాను.

“కావచ్చు అన్నా,” అని బస్సెక్కింది.

ఇప్పుడు రాస్తున్నాను: తప్పు వసంత గొంతుది కాదు, నా స్క్రూడ్రైవర్‌ది. చప్పుడు పెంచమంటే ముందు స్పీకరును చూడండి. పికప్ మీద చెయ్యి చివర వెయ్యండి.

ఉడకబెట్టిన తీగలు

మా వైపు బేస్ తీగలు అడిగిన వెంటనే దొరికేవి కావు. హైదరాబాద్ పోయేవాళ్లతో తెప్పించుకోవాలి. అందుకని పాత తీగలు విప్పి నీళ్లలో ఉడకబెట్టేవాళ్లం. చెమట, జిడ్డు, మసి అన్నీ కరిగి తీగ మళ్లీ గణగణమంటుంది. మా ఇంటావిడ సుగుణ నేను వంటింట్లోకి వస్తుంటే చాలు, అన్నం గిన్నె దాచేది. “తినేదాంట్ల గా మురికి పెడ్తవా? నీ బేస్‌కే పప్పు పెట్టు, నాకొద్దు,” అనేది.

రాజమల్లు బేస్ తీగలు ఒకసారి అట్లా ఉడికించి వేశాను. దుకాణంలో గంట కొట్టినట్టు మోగింది. సంబరపడ్డాను. ప్రోగ్రాం అయ్యాక ఆయన వచ్చాడు.

“దుకాణంల పాడిందంటివి, ఆడికొచ్చి మూగబడ్డది. కింద బలం లేదు, మీద గలగలే. పాత తీగలే ఎయ్యి.”

“ఇవి పాత తీగలేనే మల్లన్నా, కడిగిన.”

“మరి కడగకుంటే అయిపాయె!”

ఒంటరిగా అందంగా మోగే బేస్, బృందంలో గిటార్‌తో, డోలక్‌తో కొట్లాడుతుంది. మొద్దుగా, చచ్చినట్టుండే పాత తీగ వాటి కింద చోటు చూసుకుని కూర్చుంటుంది. ఇది పెద్ద పాఠమనుకున్నాను.

తర్వాత ఖానాపూర్ నుంచి ఒక బృందం వచ్చింది. తెలివి వచ్చింది కదా అని పాత తీగలు ముట్టుకోకుండా వదిలేశాను. వాళ్లు తిరిగి వచ్చి ‘బేస్ వినబడ్తనే లేదు’ అన్నారు. వెళ్లి విన్నాను. వాళ్ల డోలక్ మనిషి తోలు బాగా వదులు చేసి, బరువుగా కొడుతున్నాడు. కింది చోటంతా ఆయనే ఆక్రమించాడు. అక్కడ బేస్‌కు కొంచెం గలగల ఉంటేనే బతుకు. అప్పుడు తీగలు ఉడికించాను, సరిపోయింది. బేస్‌ను ముట్టుకునే ముందు డోలక్ వినాలని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను.

మళ్లీ ఏడాది అదే బృందం, అదే డోలక్, అదే బేస్. తీగలు ఉడికించి పంపాను. ఈసారి బాగలేదన్నారు. వెళ్లి విన్నాను, నిజంగానే బాగలేదు. ఏం మారిందో ఎంత చూసినా తేలలేదు. వానాకాలం గాలికి చెక్క ఉబ్బి మెడ వంగిందా? ఆ హాలు రేకుల కప్పు వల్లా? వాయించే మనిషి గోళ్లు తీసుకున్నాడా? గోడ మీది కాగితం చించేశాను. ఈ పనిలో పాఠం దొరికిందనుకున్న ప్రతిసారీ ఇట్లాంటిదే ఏదో ఒకటి ఎదురైంది. మీకూ ఎదురవుతుంది. అప్పుడు గిరాకీ ముందు తెలిసినట్టు మాట్లాడకండి. నేను మాట్లాడాను, అందుకే చెబుతున్నాను.

చర్చి బెంచీ

పాత చర్చిలో టేకు బెంచీలు ఉండేవి. ఆ చర్చి కూల్చడానికి చాలా ఏళ్ల ముందే వాటిని తీసేసినప్పుడు ఒక బెంచీ పలక నాకిచ్చారు. దానితో బేస్ చేశాను. బాడీ, మెడ రెండూ టేకే. మెడ మీద ఫ్రెట్ల కింద మాత్రం రోజ్‌వుడ్ పలక వేశాను. టేకులో నూనె ఉంటుంది, జిగురు పట్టదు. అతికించే ప్రతిచోటా ముందు థిన్నర్‌తో తుడిచాను. రోజుకు నాలుగుసార్లు ఉలి నూరాను, టేకు ఉలి పదును అంత తొందరగా తినేస్తుంది. మెడలోపల ఇనుప కడ్డీ పెట్టాను, ఎండాకాలం మెడ వంపు దానితోనే సరిచేసుకోవాలి.

తీగలు బిగించి ఒక్కో స్వరం మీటాను. లావు తీగ మోగుతుంటే బల్ల మీది మేకులు కదిలాయి. అట్లా వస్తూ వస్తూ సన్న తీగ మీద ఐదో ఫ్రెట్ దగ్గరికి వచ్చాను. అది ‘సి’ స్వరం. ‘టుప్’ అని ఆగిపోయింది. దాని ముందుది బాగుంది, తర్వాతది బాగుంది. అదొక్కటే నీళ్లలో రాయి వేసినట్టు మునిగింది.

దీన్ని చచ్చిన చోటు అంటారు. తీగ ఊగినట్టే మెడ కూడా తన వేగంతో సన్నగా ఊగుతుంది. తీగ వేగం మెడ వేగం దగ్గరికి వచ్చిన చోట, తీగ బలాన్ని మెడ తాగేస్తుంది. దాదాపు ప్రతి బేస్‌కూ ఎక్కడో ఒక చోట ఇది ఉంటుంది. ఎక్కడ పడుతుందన్నదే అదృష్టం. నాది సరిగ్గా ‘సి’ మీద పడింది. మా పాస్టరు అయ్యగారి భార్య గొంతు శ్రుతి ‘సి’. మా క్వైర్ పాటలన్నీ ఆమె గొంతుకు కట్టినవే. పల్లవి ఆగేది ఆ స్వరం మీదే, చివరి ఆమెన్ ఆగేది ఆ స్వరం మీదే. నేను చెక్కను కొలిచాను, తీగను కొలిచాను. ఈ బేస్ ఏ పాటలకు పోతుందో ఒక్క రోజు కూడా ఆలోచించలేదు.

రెండు నెలలు కుస్తీ పట్టాను. కడ్డీ తిప్పాను, తీగలు మార్చాను, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి మార్చాను. ఏమీ కాలేదు. చివరికి పాత ఇనుప సామాను దుకాణంలో ఇత్తడి తూకం రాయి ఒకటి కనబడింది. మెడ కొసకు బరువు కడితే మెడ ఊగే వేగం తగ్గాలి కదా అనిపించింది. తెచ్చి, మెడ కొసన తీగలు చుట్టే తల వెనక స్క్రూతో బిగించాను. ‘సి’ నిలిచింది. చచ్చిన చోటు ఒక ఫ్రెట్ కిందికి, మా పాటలు ఎక్కువగా ముట్టుకోని స్వరం మీదికి జరిగింది. ఆ రోజు సుగుణను దుకాణానికి పిలిపించి వినిపించాను.

ఆరేళ్లు ఆ బేస్‌ను చర్చిలో నేనే వాయించాను. తర్వాత వేళ్ల కీళ్లు పట్టేసి దుకాణం మూసేశాను. క్వైర్ నడిపే సుధీర్‌కు బేస్ అప్పగించాను. సుధీర్ స్కూలు టీచరు, మర్యాదస్తుడు. ఆ మర్యాదతోనే నాకు ఇబ్బంది.

ఎవరో తీసిండ్రు

కొత్త చర్చి ప్రారంభానికి బేస్‌కు పాలిష్ పెట్టించారు. ఆ రోజు నేను వెనక వరసలో కూర్చున్నాను. నెల తిరగకుండా హైదరాబాద్ నుంచి కొత్త బేస్ వచ్చింది. నాది వెనక గదిలో బీరువాలోకి పోయింది. ఎందుకో చెప్పలేదు. వెళ్లి బీరువా తీయించి చూస్తే, తల వెనక రాయి లేదు. స్క్రూ రంధ్రాలు మాత్రం ఉన్నాయి, వాటికీ పాలిష్ పెట్టారు.

“సుధీర్, తలకాడ ఇత్తడి రాయి ఉండె, ఏది?”

“గదా అంకుల్? పాలిష్ పెట్టినాయన తీసినట్టున్నడు. ఫోటోల మంచిగ లేదని ఎవరో అన్నరు.”

“ఎవరు?”

“ఎవరో అంకుల్. యాదికి లేదు.”

“తీసినంక ‘సి’ స్వరం నిలుస్తుందా?”

“బాగనే ఉంటది అంకుల్, మీరు ఫికర్ చెయ్యకుండ్రి.”

“బాగనే ఉంటే కొత్తది ఎందుకు తెచ్చిండ్రు?”

“అది... జర తేలికుంటది అంకుల్.”

కమిటీకి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. పాస్టరు అయ్యగారిని కలిశాను. “ఈ విషయం ప్రార్థనలో పెడదాం బ్రదర్,” అన్నారు.

“ప్రార్థనల కాదు అయ్యగారు, యాంప్లిఫయర్‌ల పెట్టుండ్రి,” అన్నాను. ఆయన నవ్వి భుజం తట్టారు. భుజం తట్టడం జవాబు కాదు.

సరే, నేనే వింటానని ఒక బుధవారం పొద్దున సుగుణను వెంటబెట్టుకుని వెళ్లాను. వాచ్‌మన్ బీరువా తీసిచ్చాడు. యాంప్లిఫయర్‌కు తగిలించి, సన్న తీగ మీద ఐదో ఫ్రెట్ నొక్కి మీటాను. ‘సి’ నిలిచింది. నిలుస్తూనే ఉంది. రాయి లేకుండానే నిలిస్తే, ఆరేళ్లు నేను తల వెనక మోసింది ఏమిటి? పాత టేకు ఇన్ని ఎండాకాలాలకు ఇంకా ఎండి, చచ్చిన చోటు తనంతట తనే జరిగిపోయిందా? లేక ఆ రాయి మొదటి నుంచీ నా భ్రమేనా?

అప్పుడు అరచేతితో తీగలన్నీ మూసేశాను. స్వరం ఆగలేదు. యాంప్లిఫయర్ ఆపేశాను. అప్పటికీ గుమ్మంటూనే ఉంది.

అది బేస్ కాదు, నా చెవి. చెవుల డాక్టరు దగ్గరికి పోతే, వినికిడి తగ్గిందనీ, ఆ మోత ఇక ఉంటుందనీ చెప్పాడు. ముప్పై ఏళ్లు స్పీకర్ల ముందు తల పెట్టిన ఫలితం. పోనీ వేలితో తెలుసుకుందామంటే, ఎడమచేతి వేళ్ల కొసలు షుగరు వల్ల మొద్దుబారాయి. వేలికి రెండు లెక్కపెట్టేలోపు తీగ ఆగినట్టుంది, చెవికి అసలు ఆగనట్టుంది. రెండింట్లో దేన్నీ నమ్మలేను.

ఆ బుధవారం చర్చిలోనే సుగుణను అడిగాను: “నువ్వు చెప్పు. నిలిచిందా, ఆగిందా?”

“నీ మొకం జూసి చెప్పాల్నా, నిజం చెప్పాల్నా?”

“నిజం.”

“నాకు తెల్వది. నాకు అన్నీ ఒక్కతీరుగనే గుమ్మంటయి. తెలిసినోళ్లను అడుగు.”

నా వినికిడి సంగతి సుధీర్‌కు చెప్పాను. అతను ఇంకా మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టాడు. రాజమల్లుకు ఫోన్ చేస్తే, “గింత ముసలోనివైనవ్, ఇంకా గా కట్టెను వట్టుకుని పరేషాన్ అవుతున్నవా? ఎవలన్న మంచిగుందంటే మంచిగున్నట్టే,” అన్నాడు. ఒక్క గలగలకు మొత్తం తీగలు మార్పించిన మనిషి అన్న మాట ఇది.

అడిగేది

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చివరగా ఒకటి చెబుతాను. మీరు బాగుచేసిన వాయిద్యం బాగుందో లేదో చెప్పగలిగేది వేరేవాళ్ల చెవులే. మీ చెవి పనిచేస్తున్న రోజుల్లోనే నిజం చెప్పే మనుషుల్ని ఇద్దర్ని సంపాదించుకోండి. వాళ్లు తిట్టినా పోనివ్వకండి. నేను అందరితో కొట్లాడి ఒక్కరినీ మిగుల్చుకోలేదు. అందుకే ఇప్పుడు ఇట్లా అచ్చులో అడగాల్సి వస్తోంది.

సుధీర్, కమిటీ పెద్దలూ, నాకు బేస్ తిరిగి ఇవ్వవద్దు. దాన్ని ఆరాధనలో వాయించవద్దు. సంచికలో నా పేరు దిద్దవద్దు. బీరువా తీయండి. తీగలు శ్రుతి చేసి, సన్న తీగ మీద ఐదో ఫ్రెట్ నొక్కి ఒక్కసారి మీటండి. ఆగేదాకా లెక్కపెట్టండి. తర్వాత తలకు ఏదైనా బరువు కట్టి మళ్లీ మీటండి, మళ్లీ లెక్కపెట్టండి. ఆ రెండు లెక్కలు కాగితం మీద రాసి, కింద మీ సంతకం పెట్టి పంపండి. రాయి వల్ల ఏమీ తేడా లేదని తేలినా పంపండి. నేను ఆరేళ్లు పొరపాటు పడ్డానని తేలినా పంపండి. ‘బాగనే ఉంది అంకుల్’ అని మాత్రం రాయకండి, ఆ కాగితం వెనక్కి పంపుతాను.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని ఉంటాను. ఆ పై ఆదివారం కూడా ఉంటాను. సుధీర్, నీ చెవులు మంచివి, నువ్వు నడిపే క్వైర్‌ను నేను విన్నాను కాబట్టి తెలుసు. చెప్పు, ‘సి’ నిలుస్తుందా, లేదా?